అవ్వ కలిపిన మజ్జిగ

కోడుమూరు బజారులో గంగాధరం శెట్టి అంగడికి ఆ రోజు తాళం పడిందనీ, అంగడి వెనక గోడౌనులో ఆయన చిన్న కొడుకు వాసుదేవ్‌ను పెట్టి దానికీ తాళం వేశారనీ పోయిన వారం చెప్పి ఆపాను. పిల్లవాణ్ణి అలా చీకట్లో వదిలేసి వారం రోజులు ఎటు పోయావని నన్ను తిట్టుకున్నవాళ్లు ఉంటారు. తాళంచెవి నా దగ్గర లేదు. గంగాధరం మొలతాడుకు ఉంది.

ఈ పేజీ ఈ వారమే తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. వాసుకు ఇరవై ఒక్కేళ్లు. ఆటిజం అతనికి పుట్టుకతో వచ్చిన తీరు. మనుషుల ముఖాల్లోకి చూడడు, ఎవరైనా ముట్టుకుంటే ముడుచుకుపోతాడు, కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుంటాడు, చెప్పదలుచుకున్నది డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాడు. దానికి తోడు ఒక చోట నిలవనివ్వని కుదురులేనితనం. దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. ఈ రెండోదానికి పద్నాలుగో ఏట బెంగళూరు డాక్టరు ఒక మాత్ర రాశాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ మాత్ర బడిలో వాసును నిజంగానే ఆదుకుంది. పదో తరగతి గట్టెక్కించింది. చదువు ముగిసినా మాత్ర ముగియలేదు. ఇప్పుడు పొద్దున్నే అది వేసుకుని అంగట్లో కూర్చుంటాడు. కందిపప్పు, చక్కెర, మినుములు పావు కిలోల చొప్పున కవర్లలో పోసి, అంచును హాక్సా బ్లేడు మీద మడిచి కొవ్వొత్తి మంటకు తాకించి అతికిస్తాడు. తల ఎత్తడు, అన్నం అడగడు. ఇలాంటి పనివాడు జిల్లాలో దొరకడని గంగాధరం లోలోపల మురిసిపోతుంటాడు.

పోయిన నెల వాసును కర్నూలులో డాక్టరుకు చూపించి వచ్చి, "అంతా బాగుండాదన్నాడు" అని గంగాధరం కాళ్లు కడుక్కున్నాడు. తర్వాత ఒకరోజు ఆ డాక్టర్ జయరాజ్ ఇంటికే ఫోను చేస్తే పెద్ద కోడలు హిమబిందు ఎత్తింది. "బరువు బాగా తగ్గిపోయాడమ్మా. రక్తపోటు ఎక్కువగా ఉంది, గుండె వేగంగా కొట్టుకుంటోంది. రోజుకు ఒక్క మాత్రకు ఇంత ఉండకూడదు. ఇన్నేళ్లు వాడిన మందు ఇంకా అవసరమో కాదో కనిపెట్టి చూస్తూ, కొన్నాళ్లు ఆపి చూడాలి. ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక కూడా ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో మాకే పూర్తిగా తెలియదు. అమావాస్య మరునాడు తప్పకుండా తీసుకురమ్మని మీ మామగారికి చెప్పాను, చెప్పలేదా?" అన్నాడాయన. చెప్పలేదు.

ఆ అమావాస్యే ఇవాళ. అదీ పెద్దల అమావాస్య. ఆ బజారులో అమావాస్యకు హమాలీ మూట ఎత్తడు, శెట్టి అంగడి తీయడు. అంగడి లేని రోజు మాత్ర దండగ అన్నది గంగాధరం సొంత వైద్యం. అందుకని నెలకో రోజు వాసుకు మాత్ర ఉండదు. ఆ రోజు అతను ఇల్లంతా తిరుగుతాడు, పెద్దగా మాట్లాడతాడు, కనిపించిందల్లా తింటాడు. అమావాస్యకు వాడి మీదికి ఏదో వస్తుందని వీధి వీధంతా నమ్మింది. ఇవాళ పొద్దున విస్తరి వేయకముందే, చనిపోయిన తన తల్లి పేర తీసిపెట్టిన ఉద్దివడలన్నీ తినేశాడు. పురోహితుడు నోరు వెళ్లబెట్టాడు. గంగాధరం కొడుకు రెక్క పట్టుకుని గోడౌనులోకి నెట్టాడు.

అక్కడి నుంచి చూద్దాం.

మళ్లీ పప్పు నానబోసి, రుబ్బి, వడలు వేసి, పెద్దలకు విస్తరి పెట్టి, కాకి ముట్టి, ఇంట్లోవాళ్లు భోజనానికి కూర్చునేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. హిమబిందు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆకలి మీద ఎన్ని వడలు తిన్నదో ఆమెకే తెలియదు. కొత్త కోడలు కాబట్టి మొహమాటపడి ఉంటుందని మీరనుకుంటే, కడప పిల్లలు తిండి దగ్గర మొహమాటపడరని మనవి. భర్త కిరణ్‌కుమార్ ఇంట్లో లేడు. ఆ రోజు పురోహితుడికి ఇళ్లు ఎక్కువ, కాళ్లు రెండే, అందుకని ఆయన్ను బండి మీద ఇల్లిల్లూ తిప్పడానికి పోయాడు.

"ఏమ్మే బిందూ, కడుపు పట్టుకున్నావే" అంది రాజ్యలక్ష్మమ్మ. గంగాధరం తల్లి, ఇంటికి పెద్ద. ఆమెకు గుండె నీరసం. రక్తపోటుకు రోజూ మాత్ర మింగుతుంది. అయినా వంటింటి పెత్తనం ఇంకొకరికి ఇవ్వలేదు.

"వడలు ఎక్కువైనాయవ్వా."

"ఉండు. వాసుగానికి కలిపే పొడి ఉండాది. మజ్జిగలో ఇంత వేసిస్తా, ఇట్టే అరిగిపోతాది."

"వాసుకు పొడెందుకవ్వా?"

"ఆకలి పుట్టేదానికి. హింగాష్టకమంట, మీ మామ తెచ్చిచ్చినాడు, ఉగాది కాన్నుంచి పోస్తాండా. దినామూ మధ్యాహ్నం నేనే కలిపి అంగట్లోకి తీసకపోతా. అన్నం ముట్టడు గానీ నేనిస్తే మజ్జిగ తాగుతాడు. అది పోసి పోసి ఎప్పటికైనా ఆకలి పుట్టిస్తానని నా ఆశ."

హిమబిందు తాగింది. ఇంగువ వాసన బాగానే ఉంది. దాని అడుగున ఇంకేదో చేదు నాలుకకు తగిలింది. పాత పొడి కాబోలు అనుకుంది.

కాసేపటికి కడుపు సంగతే మరిచిపోయింది. ఇత్తడి సామాను తోమడానికి కూర్చుంది. విస్తరి దగ్గర వాడిన చెంబులు తోమింది. వాడని చెంబులు తోమింది. అటక మీది గంగాళం దించి తోమింది. పనిమనిషి నాగక్క వచ్చి, ఇంక చాలు లెమ్మని చెప్పినా లేవలేదు. లేవాలని అనిపించలేదు. చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. నోరు పిడచకట్టుకుపోయింది. గుండె ఎక్కడో గొంతులో కొట్టుకుంటున్నట్టుంది. అప్పుడు భయమేసింది. వడలకు ఎవరికీ ఇలా కాదు.

వాసుకు అన్నం పెట్టాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చేతులు కడుక్కుని కంచంలో అన్నం, పప్పు, రెండు వడలు పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

గోడౌనుకు పెరటివైపు ఒకే కిటికీ. ఇనప ఊచలు. లోపల ఎండుమిరప బస్తాల ఘాటుకు బయట నిలుచున్నవాళ్లకే కళ్లు మండుతాయి. వాసు బస్తాల మధ్య సందులో ఆ గోడ నుంచి ఈ గోడకు, ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తున్నాడు. సందు ఎంత ఉందంటే, తిరిగినప్పుడల్లా భుజం బస్తాకు రాసుకుంటోంది. చొక్కా భుజం మీద ఎర్రగా మిరప రంగు అంటుకుంది. చూస్తే హిమబిందుకు ఏడుపొచ్చింది.

"వాసూ, అన్నం."

అతను వచ్చి కంచం తీసుకుని కిటికీ దగ్గరే నిలబడి తిన్నాడు. నెలకో రోజు దొరికే ఆకలి అది. గబగబా తిన్నాడు. కంచం ఖాళీ చేశాక ఆమె వైపు కాదు, ఆమె నోటి వైపు చూశాడు.

"వదినా, నువ్వు మజ్జిగ తాగినావు."

"తాగినా. ఎట్ల తెలిసె?"

"పెదాలు నాకుతాండావు. నోరు ఎండిపోతాది. గుండె ఈడ కొట్టుకుంటాది." గొంతు కింద వేలు పెట్టి చూపించాడు. "రాత్రికి ఆకలి గాదు. నిద్ర గూడా రాదు."

హిమబిందు ఊచలు పట్టుకుంది. "ఆ పొడి ఏంది వాసూ?"

"మాత్ర. నాయన నూరి పొడిలో కలిపినాడు. పొద్దున వేసుకునేదీ అదీ ఒకటే చేదు."

"నీకు తెలుసా? తెలిసి తెలిసి తాగుతాండావా?"

"అవ్వ ఇస్తాది గదా. తాగకుంటే కండ్లనీళ్లు పెట్టుకుంటాది."

"ఎవరికన్నా చెప్పకూడదా?"

"ఎవరూ అడగలే."

అతను అది నిష్ఠూరంగా అనలేదు. వాసుకు నిష్ఠూరం తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి అడగలేదన్నాడు. ఆ ఇంట్లో అతను ఎంత తూచాడో అడిగారు, ఎన్ని కవర్లు అతికించాడో అడిగారు. నీ ఒంట్లో ఎలా ఉంది నాయనా అని అడిగినవాళ్లు లేరు. ఇంట్లో అడుగుపెట్టి ఏడాది దాటినా తానూ అడగలేదని హిమబిందుకు తెలుసు. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

"ఇప్పుడు అడుగుతాండా. నీకు మాత్ర వద్దా?"

వాసు కంచం అంచు మీద వేలు తిప్పుతూ ఆలోచించాడు. "మాత్ర చెడ్డది కాదు వదినా. బడిలో బాగుండె. సారు చెప్పేది తలలో నిలబడుతుండె. ఇప్పుడు అంగట్లో కూర్చుంటే చేతులు పని చేస్తానే ఉంటాయి. ఆపల్లనుకున్నా ఆగవు. ఆకలైతాందో లేదో తెలీదు. నాకు ఎంత కావాలని డాక్టరు అడిగినాడు. నేను చెప్పేలోపల నాయన చెప్పేసినాడు."

"ఏం చెప్పాలనుకుంటివి?"

"ఆపి చూడాలని. ఒకరోజు కాదు. ఒకరోజు ఆపితే ఆకలి ఒకటే తెలుస్తాది. ఇంకేమీ తెలీదు. మాత్ర లేకుండా నేనెట్లుంటానో నాకు తెలీదు వదినా. పెద్దోణ్ణయినాక నేను చూడలే." కంచం ఊచల సందులోంచి ఆమెకు ఇచ్చేశాడు. "రేపు కర్నూలు పోతామా?"

"పోతాం" అంది హిమబిందు. ఎలాగో ఆమెకు తెలియదు. ఆ మాట నోటివెంట వచ్చేసింది.

వాసు సరేనని తిరిగి నడక మొదలుపెట్టాడు. ఆ గోడ నుంచి ఈ గోడకు.

గంగాధరం ముందు గదిలో మంచం మీద పడుకున్నాడు గాని నిద్రపోలేదు. తల్లి పక్కన పీట మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది. హిమబిందు పొడి సీసా తెచ్చి మంచం కోడు పక్కన నేల మీద పెట్టింది. మామగారి ఎదుట ఆమె ఇంతవరకు గొంతెత్తింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"మామా, రేపు వాసును కర్నూలు తీసకపోవాల. డాక్టరు రమ్మన్నాడు."

"రేపు యాడ కుదురుతాదమ్మా? దసరా సరుకు దిగుతాది. వాడు లేకుంటే కవర్లు కట్టేదెవరు? కిరణ్ పోయి చీటీ చూపించి మాత్రలు తెస్తాడు."

"మాత్రలకు కాదు మామా, వాసును చూసేదానికి. గుండె దడగా ఉండాదని డాక్టరు మీకు చెప్పినాడంట. ఒక్క మాత్రకు అంత ఉండదన్నాడంట." సీసా వైపు చూపించింది. "ఇందులో ఏం కలిపినారు?"

"హింగాష్టకం."

"మధ్యాహ్నం నేను తాగినా. నా గుండె ఇంకా కుదుట పడలే."

గంగాధరం లేచి కూర్చున్నాడు. రాజ్యలక్ష్మమ్మ చేతిలో అడకత్తెర ఆగింది. కోడలు ఏం మాట్లాడుతోందో ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగం ఆమెకు నచ్చలేదు.

"ఏంది బిందూ ఇది? వాసుగానికి గుండె దడ కాదు, అమాస దోషం. నెలనెలా చూస్తానే ఉండాం గదా. గుమ్మడికాయ మార్చి కట్టినా, నిమ్మకాయలు కోసినా, అమాస వస్తే వాడు ఆగడు."

"అవ్వా, పోయిన దీపావళికి వాసు ఎట్లుండె?"

"బంగారం మాదిరి ఉండె. అంగట్లో లక్ష్మీపూజకు నా పక్కనే కూర్చున్నాడు. కదిలితే ఒట్టు. లడ్డు చేతిలో పెడితే గూడా తినలే."

"దీపావళి గూడా అమాసే గదవ్వా."

రాజ్యలక్ష్మమ్మ నోట్లో వక్క నోట్లోనే ఉంది.

"ఆ పొద్దు అంగడి తీస్తారు. అంగడి తీస్తే మాత్ర ఇస్తారు. తక్కిన అమాసలకు అంగడి మూస్తారు, మాత్ర ఇయ్యరు. అంతే అవ్వా తేడా. ఆ పూట వాసు మీదికి వచ్చేది దయ్యం కాదు, నెలంతా చంపిన ఆకలి. మాత్ర ఉంటే ఆకలి చచ్చిపోతాది. ఆ మాత్రనే నూరి మామ ఇందులో కలిపినాడు."

ఎన్నో ఏళ్లుగా అమావాస్య అమావాస్యకు దిష్టి తీసిన మనిషి ఆమె. నమ్మకం పోవడం ఒక్క క్షణంలో అయ్యేది కాదు, కానీ ఆ దీపావళి ఆమె కళ్లకు కట్టినట్టు కనిపించింది. పక్కనే కూర్చున్న మనవడు, ముట్టని లడ్డు. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఏరా గంగా. ఆకలి పుట్టిస్తాదని గదా నా చేతికిచ్చినావు."

గంగాధరాన్ని దుర్మార్గుడని రాసేస్తే నాకు సుఖమే, ఈ వారం పని తొందరగా అయిపోతుంది. కానీ ఆయన తర్వాత చెప్పింది కూడా మీరు వినాలి.

"పొద్దున వేసిన మాత్ర మధ్యాహ్నానికి దిగిపోతాదమ్మా. ఉగాది ముందర ఒకనాడు వాడు లేచి యాటికో పోయినాడు, జ్ఞాపకముండాదా? సాయంత్రం పిల్చుకొస్తి, బంధువులింటికి పోయినాడని మీకు చెప్తి. బంధువులూ లేదు, ఏమీ లేదు. బస్సెక్కి ఓర్వకల్లు రాళ్ల కాడికి పోయినాడు. ఆడ ఎవరో పిల్లోల్ని ఎత్తకపోయేవాడనుకున్నారు. పేరేందని అరిస్తే వీడు చెవులు మూసుకున్నాడు. కరెంటు స్తంభానికి కట్టేసినారు." పై పంచెతో ముఖం తుడుచుకున్నాడు. "నేను పొయ్యేసరికి నోట్లో నెత్తురు. తాడు నేనే విప్పినా. విప్పతాంటే నన్ను గూడా కొట్టొచ్చినారు. నేను పోయినాక వీన్ని ఎవరు విప్పతారమ్మా? అంగట్లో కూర్చుంటే నా కండ్ల ముందర ఉంటాడు. వాన్ని చూసి నగే వాళ్లుండరు. దానికే రెండో మాత్ర వేస్తి. వేసుకోమంటే డాక్టరు చెప్పలేదంటాడు, వినడు. నువ్విస్తే తాగుతాడని నీ చేతికిస్తి."

ఆ స్తంభం సంగతి హిమబిందు ఊహించలేదు. మామగారి మీద జాలి కలిగింది, కోపం మాత్రం పోలేదు.

"అయినా దాంతో ఏం గాదమ్మా" అన్నాడు గంగాధరం, ముఖం మీంచి పంచె తీసి. "డాక్టరు రాసిన మందే గదా. విషం కాదు గదా. ఒకటి వేస్తే ఏమి, రెండు వేస్తే ఏమి."

"ఏం గాదా?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"ఏం గాదు."

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చుకుంది. వంగి సీసా తీసుకుంది. హిమబిందు ఏదో అనబోయేలోగా సీసా వంచి, చెంచాతో పని లేకుండా, పొడి గ్లాసులోకి కుమ్మరించింది. వేలితో తిప్పింది. ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి మజ్జిగ కలిపిన చెయ్యి, చకచకా తిరిగింది.

"ఏం జేస్తాండావమ్మా?"

"నా మనవడికి ఏం గాకుంటే నాకూ ఏం గాదు."

"అమ్మా, వద్దు. నీకు గుండె..."

ఆయన మంచం దిగేలోపలే ఆమె తాగేసింది. ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి పీట మీద పెట్టింది. ముఖం చేదుకు ముడుచుకుంది. ఆ చేదు ఆమెకు కొత్త. మనవడికి పాతది.

గంగాధరం తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఎంత పని చేస్తివమ్మా. కక్కెయ్. బిందూ, ఉప్పునీళ్లు తే. నీ గుండెకు ఆ మందు పడదమ్మా."

"ఇప్పుడు నిజం చెప్తివి" అంది రాజ్యలక్ష్మమ్మ. "ఉప్పునీళ్లు నాకొద్దు. ఆ పొద్దు తాడు విప్పినానంటివే. విప్పి మళ్లా కట్టినావు గదరా. నా చేతులతో కట్టించినావు." ఏడుస్తోందని ఆమె గొంతులో తెలియలేదు, చెంపల మీద తెలిసింది. "పో, కంబన్నను బాడుగ జీపు తీయమను. కర్నూలుకు పోదాం. ఆ డాక్టరు ఏం తాగినావని నన్నడిగితే నేను నోరు తెరవను. ఏం తాగించినావో, ఎవరికి తాగించినావో నువ్వే చెప్పాల."

"చెప్తానమ్మా. లే."

"వాసుగాడు లేకుండా నేను జీపెక్కను."

మొలతాడు నుంచి తాళంచెవి తీయడానికి గంగాధరం వేళ్లు సహకరించలేదు. హిమబిందే తీసుకుని పరుగెత్తింది. తలుపు తెరుచుకుంటే వెలుతురు బస్తాల మీద పడింది. వాసు నడక ఆపి, "రేపు గదా పొయ్యేది" అన్నాడు.

"ఇప్పుడే పోతాండాం."

అతను గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయించాడు. చెప్పిన మాట మారితే అతనికి కష్టం. వదిన ముఖం వైపు చూడకుండానే చెప్పులు వేసుకున్నాడు.

కంబన్న జీపు హంద్రి వంతెన దాటేసరికి పొద్దు గుంకుతోంది. రోడ్డుకు అటూ ఇటూ వాన చూడని ఎర్ర నేలలు. ముందు సీట్లో గంగాధరం, వెనక హిమబిందు, ఆమె భుజానికి ఆనుకుని అవ్వ, ఎదురుగా వాసు. అవ్వ పెదాలు నాకడం మొదలుపెట్టింది. కొంగుతో చెమట తుడుచుకుంటోంది. పట్టుదలకు తాగిన మనిషి ముఖంలో ఇప్పుడు పట్టుదల లేదు, భయం ఉంది.

"బిందూ, ఏందో గుండె పరుగెత్తుతాంది."

వాసు ముందుకు వంగాడు. ఎవరినీ ముట్టుకోని పిల్లవాడు, అవ్వ మణికట్టు తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఇట్లే కొట్టుకుంటాది అవ్వా" అన్నాడు. "దినామూ ఇట్లే. మొదట భయమేస్తాది. సచ్చిపోతానేమో అనిపిస్తాది. ఏం గాదు, మెల్లగా తగ్గుతాది. నేను లోపల పాటలు చెప్పుకుంటా. నువ్వు గూడా చెప్పుకో."

ముందు సీట్లో గంగాధరం తల వెనక్కి తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు. దినామూ అన్న మాట ఆయన చెవిలో పడింది. అంగట్లో, తన కుర్చీకి చేయి చాపితే అందేంత దూరంలో, కొవ్వొత్తి ముందు తల వంచుకుని కొడుకు రోజూ చావు భయం దాచుకుని కవర్లు అతికించాడు. ఆయన అది చూసి మురిసిపోయాడు. గంగాధరం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అవ్వ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. ఏ పాటో వినిపించడం లేదు. వాసు మణికట్టు వదల్లేదు. జీపు ఒక గుంతలో పడి లేచింది. కాసేపటికి అతని కనుబొమలు ముడిపడ్డాయి. వేళ్లు మార్చి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ మార్చాడు.

"నాయనా" అని పిలిచాడు.

గంగాధరం తిరిగాడు.

"ఇది నా మాదిరి కొట్టుకోవడంలే. ఆగి ఆగి కొట్టుకుంటాంది."

అవ్వ పెదాలు కదలడం మానేశాయి. కర్నూలు ఇంకా సగం దారి ఉంది.